రీఫ్ ట్యాంకును పెద్దదానిలోకి మార్చడం: పాత నీళ్లకన్నా పాత రాళ్లే ముఖ్యం

మూడడుగుల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) నుంచి ఐదడుగుల ట్యాంకుకు మారేటప్పుడు చాలామంది పాత నీళ్లను ప్రాణంలా దాచుకుంటారు. బకెట్లు చాలకపోతే డ్రమ్ములు తెచ్చి మరీ నింపుతారు. ఇసుకను మాత్రం ‘ఇందులో మంచి బ్యాక్టీరియా ఉంది కదా’ అని ఉన్నదున్నట్టు ఎత్తి కొత్త ట్యాంకులో పోస్తారు. రెండు మూడు రోజులకు నీళ్లు తెల్లగా మసకబారతాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుంటాయి, పగడాలు ముడుచుకుపోతాయి. దీనికి కారణం చాలాసార్లు ఆ ఇసుకే.

చేపల మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీటిలో తేలుతూ బతికేది చాలా తక్కువ. అది గట్టి ఉపరితలాలను అంటిపెట్టుకుని పొరలా పెరుగుతుంది. లైవ్ రాక్ (జీవులు, బ్యాక్టీరియా పట్టిన రంధ్రాల రాయి) పైభాగం, దాని లోపలి సన్నని రంధ్రాలే దాని అసలు చోటు. రాళ్లు తడి ఆరకుండా కొత్త ట్యాంకులోకి చేరితే మీ ఫిల్టర్ చేరినట్టే. చేపలు అవే, మేత అంతే, కాబట్టి పుట్టే అమ్మోనియా కూడా అంతే. నిన్నటిదాకా దాన్ని తిన్న బ్యాక్టీరియా రేపు కూడా తింటుంది. అందుకే సరిగ్గా చేస్తే ఒక్క రోజులో ట్యాంకు మార్చవచ్చు, కొత్త ట్యాంకులో బ్యాక్టీరియా స్థిరపడే నెలరోజుల ‘సైకిల్’ కోసం మళ్లీ ఆగక్కర్లేదు.

ఈ లెక్క తప్పేది మూడు చోట్ల. రాళ్లు ఆరిపోయి వాటిమీది స్పాంజీలు, పురుగులు చచ్చి కుళ్లినప్పుడు. ఇసుక అడుగున ఏళ్ల తరబడి చేరిన మురికి ఒక్కసారిగా నీటిలో కలిసినప్పుడు. కొత్త నీటి ఉప్పదనం, ఆల్కలినిటీ (పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ల మోతాదు), వేడి పాత నీటికి దూరంగా ఉన్నప్పుడు. కింద చెప్పే పనులన్నీ ఈ మూడింటిని తప్పించడానికే.

ముందు లెక్కలు

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. పాత ట్యాంకు 90×45×45 సెంటీమీటర్లు, పేరుకు 182 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా అందులో ఉన్న నీళ్లు 150 లీటర్లకు అటూఇటూ. కొత్తది 150×60×60 సెంటీమీటర్లు, 12 మిల్లీమీటర్ల గాజు, పేరుకు 540 లీటర్లు. గాజు మందం, రాళ్లు, ఇసుక, పైన నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ తీసేస్తే నిజంగా పట్టేది సుమారు 420 లీటర్లు. కింద స్టాండులో ఫిల్టర్, పంపు ఉండే తొట్టిలో, అంటే సంప్‌లో, ఇంకో 80. మొత్తం 500.

పాత ట్యాంకు నుంచి శుభ్రంగా తీసుకోగలిగేది 120 లీటర్లే. అడుగున మిగిలే నీళ్లలో మురికి ఉంటుంది, వాటిని పారబోయాలి. అంటే కొత్తగా కలపాల్సిన ఉప్పునీళ్లు 380 లీటర్లు. మార్చిన మొదటి వారంలో అత్యవసరంగా నీళ్లు మార్చాల్సి రావచ్చు కాబట్టి ఇంకో 100 లీటర్లు పక్కన ఉండాలి. సాల్ట్ మిక్స్ లీటరుకు 38 గ్రాముల చొప్పున 480 లీటర్లకు 18 కిలోలు దాటుతుంది. 20 కిలోల ప్యాకింగ్ ఒకటి తెచ్చుకుంటే సరిపోతుంది. బ్రాండును బట్టి ఈ గ్రాములు కొద్దిగా మారతాయి, ప్యాకెట్ మీద ఉన్నదాన్నే నమ్మండి.

ఉప్పు కంటే ముందు మంచినీటి సంగతి. హైదరాబాద్ బోరు నీటిలో టీడీఎస్ (కరిగిన లవణాలు) వందల్లో ఉంటుంది. ఇంట్లో తాగే ఆర్వో మెషీన్ నీళ్లు దీనికి పనికిరావు. చాలా మెషీన్లలో రుచి కోసం కొంత పచ్చి నీటిని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ గానీ, మినరల్ కార్ట్రిడ్జ్ గానీ ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాన్ల నీళ్ల సంగతీ అంతే, అవి తాగడానికి చేసినవి. కావాల్సింది ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ దాటి వచ్చిన, మీటర్ మీద సున్నా చూపే నీళ్లు. రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేన్ కాగితం మీద 280 లీటర్లు ఇస్తుంది, ఇంట్లో ప్రెషర్ తక్కువైతే అంతకన్నా తక్కువే వస్తుంది. 480 లీటర్లకు రెండు మూడు రోజులు పట్టేస్తుంది కాబట్టి ఈ పని వారం ముందే మొదలుపెట్టాలి. అమెరికాలో ఉన్నవాళ్లు తమ ఊరి కుళాయి నీటిలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలుపుతారేమో కనుక్కోవాలి. కలిపితే దానికి తగిన కార్బన్ బ్లాక్ పెట్టకపోతే రెజిన్ త్వరగా అయిపోతుంది.

విశాఖలోనో కాకినాడలోనో ఉంటే సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. ఒడ్డు దగ్గరి నీటిలో ఊరి మురుగు కలుస్తుంది. పైగా మన నదుల వరదనీరంతా బంగాళాఖాతంలోకే వస్తుంది కాబట్టి వానాకాలం తర్వాత మన తీరంలో పైపొర ఉప్పదనం బాగా పడిపోతుంది. ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు.

ఇక బరువు. సముద్రపు నీరు లీటరుకు 1.025 కిలోలు. ట్యాంకులో నీళ్లు 430 కిలోలు, గాజు 100, రాళ్లు 50, ఇసుక 40, స్టాండు 60, నీళ్లతో సంప్ 100. అన్నీ కలిపి 800 కిలోలకు దగ్గర. ఇదంతా 0.9 చదరపు మీటర్ల జాగాలో నిలబడుతుంది. ఇళ్ల శ్లాబును చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల, అంటే సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కగట్టాలని మన ఐఎస్ 875 ప్రమాణం చెబుతుంది. అది గది మొత్తానికి పరచిన లెక్క కాబట్టి ట్యాంకు పెట్టగానే శ్లాబు కూలుతుందని కాదు. కానీ గది నడుమ పెట్టకూడదు. కింద బీమ్ ఉన్న గోడ పక్కన, బీమ్ మీదుగా పెట్టాలి. అపార్టుమెంటు పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు స్ట్రక్చరల్ ఇంజినీరుకు ప్లాన్ చూపించి అడగడం తప్పనిసరి. చెక్క స్టాండు చేయిస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడమనండి. మామూలు ప్లై ఉప్పునీటి చెమ్మకు ఉబ్బుతుంది.

ట్యాంకును దాని శాశ్వత స్థానంలో పెట్టి, స్పిరిట్ లెవల్‌తో సమం చూసి, మంచినీళ్లతో అంచుదాకా నింపి రెండు రోజులు వదలండి. లీకు చూడటానికి ఇదొక్కటే అవకాశం. ఆ తర్వాత సంప్ నుంచి నీళ్లను పైకి తోసే రిటర్న్ పంపు నడిపి, మెయిన్ స్విచ్ ఆపండి. కరెంటు పోగానే పై ట్యాంకులో నీళ్లు కొంత కిందికి దిగుతాయి. రెండు సెంటీమీటర్లు దిగితే 18 లీటర్లు. ఆ 18 లీటర్లకు సంప్‌లో ఖాళీ ఉందా లేదా అన్నది హాలు తడిసే ముందే తెలియాలి. సంప్‌లో పంపు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉండాలో మార్కర్‌తో గీత గీసి ఉంచండి.

కొత్త నీరు పాత నీటితో కలవాలి

డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, పంపు తిరుగుతుండగా ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం కార్బొనేట్ తెల్లగా పేరుకుని అడుగున దిగిపోతుంది, అది మళ్లీ కరగదు. కలిపాక పూర్తిగా తేటపడేదాకా తిప్పండి. కొన్ని బ్రాండ్లు ఎక్కువసేపు తిప్పవద్దని, కొన్ని ఒక రోజంతా తిప్పమని చెబుతాయి, ప్యాకెట్ మీద చూసుకోండి.

కొత్త నీటిని 35 పీపీటీకి (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పుకు) కలిపేసి, పాత ట్యాంకు కూడా అంతే ఉంటుందని అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో సున్నాకు తెచ్చి వదిలేస్తే 35 దగ్గర ఒకటి రెండు అంకెలు తేడా చూపవచ్చు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతోనే సరిచేయాలి. అదే మీటర్‌తో పాత ట్యాంకునూ కొలవండి. పాతది 32 ఉందని తేలితే కొత్త నీటిని కూడా 32కే కలిపి, మార్చేశాక రెండు వారాల్లో మెల్లగా 35కు తీసుకెళ్లండి. ఉప్పదనం తగ్గడాన్ని చేపలు కొంత ఓర్చుకుంటాయి, పెరగడాన్ని అంతగా ఓర్చుకోవు. రొయ్యలు, నత్తలు, నక్షత్ర చేపలు రెండింటికీ లోబడిపోతాయి. లింకియా జాతి నక్షత్ర చేపలు తేడా వచ్చిన రోజు బాగానే కనబడి, వారం రెండు వారాల తర్వాత చేతులు కరిగి పోతాయి.

పగడాల విషయంలో అసలు ప్రమాదం ఆల్కలినిటీ. పాత ట్యాంకు 8 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) దగ్గర నడుస్తోందనుకుందాం. పగడాల కోసమని అమ్మే సాల్ట్ మిక్స్‌లు చాలావరకు 11, 12 డీకేహెచ్‌కు కలుస్తాయి. 120 లీటర్లు 8తో, 380 లీటర్లు 11తో కలిపితే వచ్చేది 10.3. అంటే గంటలో రెండు డీకేహెచ్‌లకు పైగా ఎగిరినట్టు. నైట్రేట్, ఫాస్ఫేట్ తక్కువగా ఉన్న ట్యాంకులో ఆక్రోపోరా అనే కొమ్మల పగడాల కొసలు తెల్లగా కాలిపోవడానికి ఇది చాలు. దీనికి తేలిక మార్గం 8 నుంచి 9 మధ్య కలిసే ఉప్పును ఎంచుకోవడం. ఉన్న ఉప్పే వాడాలంటే మార్చడానికి నెల ముందు నుంచి వారానికి పది శాతం చొప్పున ఆ ఉప్పుతోనే నీళ్లు మారుస్తూ, రోజువారీ డోసింగ్‌ను (పగడాలు వాడుకున్న ఆల్కలినిటీ, కాల్షియం తిరిగి వేయడాన్ని) సరిచేసుకుంటూ పాత ట్యాంకునే మెల్లగా పైకి తెచ్చుకోవచ్చు. కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 చుట్టుపక్కల ఉంటే వాటిలో చిన్న తేడాలకు పగడాలు పెద్దగా పట్టించుకోవు.

వేడి లెక్క కూడా ముందే చూసుకోండి. 380 లీటర్లను ఐదు డిగ్రీలు పెంచడానికి 300 వాట్ల హీటర్‌కు ఏడు గంటలు పడుతుంది, కాబట్టి శీతాకాలంలో రాత్రే పెట్టేయాలి. మన ఎండాకాలంలో సమస్య అటుది ఇటవుతుంది, చిల్లర్ మీదే ముందురోజు రాత్రంతా 26 డిగ్రీలకు తేవాలి. మేలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. వేడినీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, డ్రమ్ముల్లో చేపలు నిలబడే రోజున అది ప్రాణాంతకం.

ఇసుక, రాయి

ఐదు సెంటీమీటర్లు మించిన ఇసుక అడుగున ఆక్సిజన్ ఉండదు. అక్కడ నల్లటి మచ్చలు, కుళ్లిన గుడ్ల వాసన కనబడితే అది హైడ్రోజన్ సల్ఫైడ్. కదపనంతకాలం అది పెద్దగా హాని చేయదు. పారతో ఎత్తిన క్షణం ఆ వాయువు, దానితోపాటు ఏళ్ల మలం, మేత, ఫాస్ఫేట్ అన్నీ నీటిలోకి వస్తాయి. పాత ఇసుకను పారేసి కొత్తది వేయడం మేలు. ఖర్చు భరించలేకపోతే బకెట్‌లో పోసి కుళాయి నీటితో, నీళ్లు తేటగా వచ్చేదాకా పది పదిహేనుసార్లు కడిగి, చివర ఆర్వో నీటితో ఒకసారి తిప్పండి. దాంతో ఇసుకలోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పోనివ్వండి. ఆ పనికి రాళ్లున్నాయి. కడిగే ముందు పైపైన ఉన్న శుభ్రమైన సెంటీమీటరు పొర నుంచి రెండు కప్పులు విడిగా తీసి ఉంచుకుంటే చిన్న పురుగులు, కోపెపాడ్లనే నలుసంత జీవులు కొత్త ఇసుకకు విత్తనంగా చేరతాయి.

కొత్త ట్యాంకులో మూడు సెంటీమీటర్ల మందానికి సుమారు 40 కిలోల ఆరగొనైట్ ఇసుక కావాలి. సముద్రతీరం ఇసుక తేవద్దు. భీమిలి, విశాఖ తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. ఇనుమున్న నల్ల రేణువులు పంపుల అయస్కాంతాలకు పట్టుకుంటాయి. గార్నెట్ గాజుకన్నా గట్టిది, అయస్కాంతపు క్లీనర్ కింద ఒక్క రేణువు ఇరుక్కున్నా గాజు మీద గీత పడిపోతుంది.

పెద్ద ట్యాంకుకు రాళ్లు ఇంకా కావాలి. పొడి రాళ్లు కొంటే వాటిని కనీసం నెల ముందు డ్రమ్ములో ఉప్పునీళ్లు, పంపు పెట్టి నానబెట్టండి. వాటిలో ఎండిన జీవపదార్థం ఉంటుంది, ఫాస్ఫేట్ వదులుతాయి. డ్రమ్ములో ఫాస్ఫేట్ కొలుస్తూ నీళ్లు మారుస్తూ ఉండాలి. పాత ట్యాంకు నుంచి చిన్న లైవ్ రాక్ ముక్క ఒకటి అందులో వేస్తే బ్యాక్టీరియా అంటుకుంటుంది.

ఖాళీ కనబడేసరికి సముద్రం నుంచి వచ్చిన రాళ్లు, పగడాలు ఎవరో తక్కువ ధరకు అమ్ముతామంటారు. మన దేశంలో రాతి పగడాలన్నీ, గోర్గోనియన్లన్నీ (విసనకర్రల్లాంటి పగడాలు) 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్ర గుర్రాలూ అందులోవే. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తీసిన పగడం ఇంట్లో ఉంటే అది నేరం. దిగుమతి పగడాలకు సైట్స్ (ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు ఉండాలి, ఆ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. చట్టం సంగతి అటుంచినా, మన్నార్ పగడపు దిబ్బలు వేడికి పదేపదే తెల్లబడుతున్న ఈ రోజుల్లో అక్కడి నుంచి ఒక్క ముక్క కూడా తీయకూడదు.

మార్చే రోజు

రెండు వారాల ముందు నుంచి వారానికి రెండుసార్లు రాళ్ల సందుల్లోని మురికిని పంపుతో ఊది, ఫిల్టర్ సాక్‌లో (వడపోత సంచిలో) పట్టి పారేయండి. ఆ రోజున కదిలే మురికి సగానికి తగ్గుతుంది. ముందురోజు మేత పెట్టవద్దు. బకెట్‌లో ఉన్న చేప కడుపు ఖాళీగా ఉంటే అమ్మోనియా తక్కువ పుడుతుంది. కావాల్సినవి మూతలున్న డ్రమ్ములు, బకెట్లు, రెండు ఎయిర్ పంపులు, కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఒకటి, తువ్వాళ్లు, చేతిగ్లవ్స్, కళ్లద్దాలు, ఒక మనిషి తోడు. ప్లగ్గులన్నీ కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ వెనక ఉండాలి. ఉప్పునీళ్లు, కరెంటు, తడి చేతులు ఒకేచోట చేరే రోజు ఇది.

గ్లవ్స్, కళ్లద్దాలు ఎందుకో చెప్పాలి. రాళ్లమీద గుంపుగా పెరిగే జోవాంథిడ్ పాలిప్‌లలో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. చేతికి గాయం ఉన్నా, తుంపర కంట్లో పడ్డా, ఆవిరిగా పీల్చినా మనిషిని ఆస్పత్రిలో పడేస్తుంది. అవి ఉన్న రాయిని ఎప్పుడూ వేడినీళ్లలో వేయవద్దు, ఉడికించవద్దు, ఆరుబయట కూడా బ్రష్‌తో రుద్దవద్దు.

ముందు హీటర్ ఆపి పావుగంట ఆగండి. వేడిగా ఉన్న హీటర్ నీటి పైకి తేలితే గాజు పగులుతుంది. తర్వాత పైనుంచి తేట నీళ్లు సైఫన్‌తో డ్రమ్ముల్లోకి తీయండి, పగడాలకు, రాళ్లకు, చేపలకు వేర్వేరుగా. పగడాలు మొదట బయటికి రావాలి, ఎందుకంటే తర్వాత నీళ్లు కలకబారతాయి. యూఫిలియాలను (టార్చ్, హామర్) వేరే బకెట్‌లో ఉంచాలి. వాటి పొడవాటి టెంటకిల్స్ తగిలితే పక్కవాటిని కాలుస్తాయి. లెదర్ కోరల్స్‌నూ విడిగానే ఉంచాలి, కదిపితే అవి విడిచే రసాయనాలు రాతి పగడాలకు పడవు. స్పాంజీలు, గోర్గోనియన్లు గాలి తగలకుండా గిన్నెలో నీళ్లతో సహా ఎత్తండి, లోపల గాలి చిక్కితే ఆ భాగం చచ్చిపోతుంది.

ఎనిమోన్ (పువ్వులా కనబడే, రాతికి అంటుకునే జంతువు) ఉంటే దాని పాదం పట్టిన రాయితో సహా తీయడమే మేలు. బలవంతంగా లాగితే పాదం చిరుగుతుంది. చిరిగిన ఎనిమోన్ కొత్త ట్యాంకులో కుళ్లి, మిగతావాటినీ చంపుతుంది. తప్పనిసరైతే పాదం వెనక రాతికి మంచుముక్క ఆనిస్తే అదే పట్టు వదులుతుంది, ఓపిక కావాలి. జెయింట్ క్లామ్ (పెద్ద ఆల్చిప్ప) అయితే రాతికి పట్టిన దారాలను బ్లేడుతో కోయాలి, లాగకూడదు. కొత్త ట్యాంకులో నీటి కింద నిలబెట్టి నెమ్మదిగా కదిపి లోపలి గాలి బుడగలు పోయేలా చేయండి.

తర్వాత రాళ్లు. ఒక్కో రాయిని పాత నీళ్ల బకెట్‌లో ముంచి గట్టిగా ఆడించండి. నీళ్లు కాఫీ రంగులోకి మారతాయి, ఆ మురికంతా కొత్త ట్యాంకులోకి పోకుండా ఆగినట్టే. ఇలా కడిగిన రాయిని శుభ్రమైన నీళ్ల డ్రమ్ములోకి వేయండి. తీసేటప్పుడు రాయిని ట్యాంకు పైనే కొద్దిసేపు పట్టుకోండి. గోబీలు, డాటీబ్యాక్‌లు, పిస్టల్ రొయ్యలు రంధ్రాల్లో దాక్కుంటాయి. నీళ్లు కారేటప్పుడు అవి జారి ట్యాంకులోనే పడితే సరి, నేల మీద పడితే ఎవరూ చూడరు.

రాళ్లన్నీ బయటికి వచ్చి, నీళ్లు పదిహేను సెంటీమీటర్లకు దిగాకే చేపల్ని పట్టాలి. రాళ్ల మధ్య వల పట్టుకుని గంటసేపు తరిమితే చేప అలసటతోనే సగం చస్తుంది. టాంగ్‌ల తోక మొదట్లో కత్తిలాంటి ముల్లుంటుంది, వలలో ఇరుక్కుని చర్మం చీలుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలోకి వలతో తోలడం మంచి పద్ధతి. ర్యాబిట్ ఫిష్ ముళ్లు విషపూరితం, చేత్తో ముట్టుకోవద్దు. బకెట్‌కు మూత పెట్టి, గాలి పెట్టి, చీకట్లో ఉంచండి.

అడుగున మిగిలిన బురదనీళ్లలో నత్తలు, హెర్మిట్ పీతలు, బ్రిటిల్ స్టార్లు ఏరుకుని మిగిలింది పారబోయండి. ఆ నీళ్లు కొంచెం బాగానే ఉన్నట్టున్నా సరే పోయండి.

కొత్త ట్యాంకులో రాళ్లు ముందు, ఇసుక తర్వాత. రాళ్లు నేరుగా అడుగు గాజు మీద నిలవాలి. ఇసుక మీద నిలబెడితే తవ్వే గోబీ, పిస్టల్ రొయ్య కింద గుంత చేసి ఒకరోజు కట్టడాన్ని కూలుస్తాయి. ఇసుక చుట్టూ పోశాక, నీళ్లు ప్లేటు మీద పడేలా పోయండి. పంపులు నడిపి గంట ఆగి ఉప్పదనం, వేడి, ఆల్కలినిటీ మళ్లీ కొలవండి. ఇంత చేసి కూడా ఈ గంటను చాలామంది తొందరలో వదిలేస్తారు. అంకెలు సరిపోతే పగడాలు, చివర సాయంత్రం లైట్లు ఆర్పి చేపలు. అంతకుముందు వేవ్‌మేకర్లకు (ట్యాంకులో అలలు పుట్టించే పంపులకు) జాలీ బిగించండి, చోటు వెతుక్కుంటూ తిరిగే ఎనిమోన్ పంపులో పడితే ముక్కలవుతుంది.

చేపల్లో పాత ట్యాంకును ఏలిన డామ్సెల్‌నో, క్లౌన్ జంటనో చివరగా వదలండి. కొత్త చోట ఎవరికీ హద్దులు ఉండవు, మెత్తటి చేపలకు గంటసేపైనా మూలలు చూసుకునే సమయం దొరకాలి. మొదటి కొన్ని రాత్రులు పైన జాలీ మూత లేకుండా ఉంచవద్దు. రాస్ చేపలు, ఫైర్‌ఫిష్ బెదిరితే దూకేస్తాయి. మాండరిన్ డ్రాగనెట్ ఉంటే దాన్ని వెంటనే మార్చకూడదు. అది కోపెపాడ్లనే తింటుంది, ఇసుక పోవడంతో అవి సగానికి సగం పోయి ఉంటాయి. వీలైతే రాళ్లలో కొన్నింటితో పాత ట్యాంకును నడిపి ఒక నెల అక్కడే ఉంచండి.

తర్వాతి వారాలు

మొదటి వారం రోజూ అమ్మోనియా కొలవండి. 0.25 పీపీఎం కనబడితే పక్కన పెట్టిన నీళ్లతో పాతిక శాతం మార్చండి, మేత సగం చేయండి. అమ్మోనియాను కట్టేసే మందు వేస్తే చేపలకు ఊరట దొరుకుతుంది. కానీ చాలా కిట్లు కట్టిన అమ్మోనియాను కూడా కలిపే చూపుతాయి, కాబట్టి అంకె తగ్గలేదని మందు మళ్లీమళ్లీ వేయవద్దు. నురగతో మురికిని తీసే స్కిమ్మర్ మొదటి రెండు రోజులు పిచ్చిగా పొంగుతుంది, కప్పు తగ్గించి వదిలేయండి. పగడాలు విడిచిన రసాయనాల కోసం యాక్టివేటెడ్ కార్బన్ నడపండి. నీళ్లు పాలలా మసకబారితే అది నీటిలో తేలే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, అది ఆక్సిజన్ తినేస్తుంది. రాత్రిపూట ఎయిర్‌స్టోన్ పెట్టండి, రెండు మూడు రోజుల్లో పోతుంది.

రెండు మూడు వారాలకు ఇసుక మీద గోధుమరంగు పొడి కనబడితే అది డయాటమ్‌లనే సూక్ష్మ నాచు, కంగారు పడకండి. దానికన్నా ఇబ్బంది పెట్టేది బుడగలు పట్టిన జిగట గోధుమరంగు పొర, డైనోఫ్లాజెల్లేట్లు. కొత్త పెద్ద స్కిమ్మర్, ఎక్కువ నీళ్లు, తక్కువ చేపలు కలిసి నైట్రేట్, ఫాస్ఫేట్‌ను సున్నాకు తోసినప్పుడు ఇవి వస్తాయి. నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 కన్నా కిందికి పోనివ్వవద్దు. పడిపోతుంటే స్కిమ్మర్ గంటలు తగ్గించండి, మేత కొద్దిగా పెంచండి. ఫాస్ఫేట్ తీసే మందును ఈ రోజుల్లో అసలు వాడవద్దు.

లైట్ల దగ్గర ఆశ పెరుగుతుంది. కొత్త ఎల్ఈడీలు సగం బలంతో మొదలుపెట్టి వారానికి ఐదు పది శాతం చొప్పున పెంచండి. అవకాశముంటే పార్ (పగడాలకు పనికొచ్చే వెలుతురు) కొలిచే మీటర్ అద్దెకో అప్పుకో తెచ్చి, పాత ట్యాంకులో ఆ పగడం ఉన్నచోట ఎంత పార్ ఉందో మార్చే ముందే రాసిపెట్టుకోండి. కొత్త ట్యాంకులో అదే అంకె ఉన్న చోట దాన్ని పెడితే ఊహించక్కర్లేదు. ఆక్రోపోరాలకు 200 నుంచి 350, యూఫిలియాలకు 75 నుంచి 150 చాలు. మీటర్ దొరకకపోతే వారంపాటు పగడాలన్నీ కింద ఇసుక మీదే ఉంచి తర్వాత పైకి జరపండి.

డోసింగ్‌లో పొరపాటు పెద్ద ట్యాంకు వచ్చిన ఆనందంలోనే జరుగుతుంది. నీళ్లు మూడింతలయ్యాయి కదా అని ఆల్కలినిటీ, కాల్షియం డోస్ కూడా మూడింతలు చేస్తారు. ఆ రెండింటినీ తినేది పగడాల అస్థిపంజరం, నీరు కాదు. పగడాలు అంతే ఉన్నాయి కాబట్టి రోజుకు 30 మిల్లీలీటర్లు వేస్తుంటే ఇప్పుడూ 30 మిల్లీలీటర్లతోనే మొదలుపెట్టాలి. పడిపోయిన అంకెను ఒకసారి పైకి తెచ్చే సవరణ డోస్‌కు మాత్రమే మొత్తం నీళ్ల లెక్క కావాలి. రోజూ ఒకే వేళకు డీకేహెచ్ కొలవండి. మార్చిన వారంలో పగడాలు అలిగి పెరగడం ఆపేస్తాయి, అంకె పైకి పాకుతుంది, అప్పుడు డోస్ తగ్గించాలి. రెండు మూడు నెలలకు కొత్త రాళ్ల మీద ఊదారంగు కోరలైన్ నాచు పట్టడం మొదలైతే అదీ కాల్షియం తింటుంది, అప్పుడు పెంచుకోవాలి.

కొత్త చేపల్ని ఆరు నుంచి ఎనిమిది వారాలదాకా తేవద్దు. రాళ్లలోని బ్యాక్టీరియా పాత చేపలకు సరిపడా ఉంది, అంతకు మించి లేదు. తెచ్చినవాటిని నేరుగా వదలకుండా, ఖాళీ అయిన ఆ మూడడుగుల ట్యాంకును కడిగి, స్పాంజ్ ఫిల్టర్, రెండు పీవీసీ పైపు ముక్కలు పెట్టి నెలరోజులు క్వారంటైన్‌గా వాడుకోండి. ట్యాంకు మార్చే రోజునే ఆ స్పాంజిని కొత్త సంప్‌లో వేసి ఉంచితే, మొదటి చేప వచ్చేసరికి బ్యాక్టీరియా పట్టి సిద్ధంగా ఉంటుంది.